పెళ్లి గుర్తులతో ఇంటి గోడ: లగ్నపత్రిక నుంచి తలంబ్రాల దాకా ఎలా అమర్చుకోవాలి

మన ఊళ్లలో పెళ్లయిన ఇంటిని గోడ చూసి గుర్తుపట్టొచ్చు. సున్నం వేయించి, అడుగున ఎర్రమన్ను పట్టీ దిద్ది, వీధి గుమ్మం పక్కన అమ్మాయి పేరు, అబ్బాయి పేరు, ముహూర్తం తేదీ రంగులతో రాయిస్తారు. మళ్లీ సున్నం పడేదాకా ఆ పేర్లు అక్కడే ఉంటాయి. పిల్లలు పుట్టి బడికి వెళ్లే వయసొచ్చినా, అమ్మానాన్నల పేర్లు గోడ మీద వెలిసిపోయిన రంగుల్లో కనిపిస్తూ ఉంటాయి.

ఇప్పుడు చాలామందిమి ఫ్లాట్లలో ఉంటున్నాం. వీధి గోడ మనది కాదు. అందుకే లోపలి గోడ గురించి రాస్తున్నాను. పెళ్లయ్యాక ఇల్లు అలంకరించుకోవాలని ఆన్‌లైన్‌లో వెతికితే గుండె బొమ్మల స్టిక్కర్లు, ఇంగ్లిష్ వాక్యాలు రాసిన చెక్క పలకలు బోలెడు కనిపిస్తాయి. అవి కొనొద్దని అనను. కానీ అవి ఎవరి ఇంట్లోనైనా ఉండొచ్చు. మీ పెళ్లిలో మీ ఇద్దరి మధ్య పట్టుకున్న అడ్డుతెర మాత్రం మీ ఇంట్లోనే ఉంటుంది. నా సలహా అంతా దీని చుట్టూనే: ముందు మీ పెళ్లి మిగిల్చిన వస్తువులు చూడండి, కొనడం తర్వాత.

మంచం మీద పరిచి చూడండి

ఒక ఆదివారం కూర్చుని, పెళ్లికి సంబంధించి ఇంట్లో ఉన్నవన్నీ బయటికి తీయండి. లగ్నపత్రిక, శుభలేఖ, అడ్డుతెర, మధుపర్కాలు, బాసికాలు, కొబ్బరిబోండాం మీద అంటించిన అలంకారాలు, ఎక్కడో డబ్బాలో మిగిలిన తలంబ్రాలు. మీ దగ్గర లేకపోతే అమ్మనీ అత్తగారినీ అడగండి. చాలా ఇళ్లలో ఇవి బీరువా పై అరలో, పాత సూట్‌కేసులో మూటగట్టి ఉంటాయి. ఎవరూ పారేయరు, ఎవరూ బయటికి తీయరు.

అన్నీ గోడకెక్కించక్కర్లేదు. ఒక గోడకి ఐదు నుంచి ఏడు పటాలు చాలు. అందులో ఒకటి పెద్దది, మిగతావి చిన్నవి. అన్నీ ఒకే సైజులో ఉంటే స్టూడియో షోరూమ్‌లా ఉంటుంది.

ఫోటోలు: స్టేజి మీద నిలబడినవి కాదు

ఆల్బమ్‌లో వందల ఫోటోలుంటాయి. రిసెప్షన్ స్టేజి మీద కెమెరా వైపు చూస్తున్నవి పక్కన పెట్టండి. జీలకర్ర బెల్లం పెట్టాక తెర తీసిన క్షణం, తలంబ్రాలు పోసుకుంటూ పోటీ పడిన నవ్వు, బిందెలో ఉంగరం కోసం కలబడిన చేతులు, మెట్టెలు తొడుగుతున్నప్పుడు వంగిన తల, అరుంధతి నక్షత్రం చూడమని పురోహితుడు వేలు చూపిస్తే పట్టపగలు ఆకాశంలోకి చూసిన మీ ముఖాలు, అప్పగింతల్లో నాన్న చేయి. వీటిలో కెమెరా ఉందన్న ధ్యాస ఎవరికీ ఉండదు. రోజూ చూసినా విసుగు రానివి ఇవే. పెద్ద సైజుకి తెర తీసిన క్షణం ఉంటే అదే ఎంచుకోండి. పెళ్లంతటికీ అదే గుండెకాయ.

ఇక ప్రింటు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోని ప్రింటుకి ఇవ్వొద్దు. మామూలుగా పంపిన ఫోటోని వాట్సాప్ బాగా కుదించేస్తుంది. పొడవు వైపు 1600 పిక్సెళ్ల దగ్గరకి వచ్చేస్తుంది. నాణ్యమైన ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. అంటే ఆ ఫోటో ఐదంగుళాల పైన పెంచితే మసకబారుతుంది. ఫోటోగ్రాఫర్‌ని అసలు ఫైల్ అడిగి పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. 8×12 అంగుళాల ప్రింటుకి 2400×3600 పిక్సెళ్లు, 12×18కి 3600×5400 ఉండాలి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఫైల్ సుమారు 6000×4000 ఉంటుంది కాబట్టి 12×18కి నిక్షేపంగా సరిపోతుంది. అంతకన్నా పెద్దవి దూరం నుంచి చూస్తాం కనుక అంగుళానికి 150, 200 పిక్సెళ్లున్నా ఫర్వాలేదు.

కాగితం మెరుపు లేని మ్యాట్ గానీ, కొద్దిగా మెరిసే లస్టర్ గానీ అడగండి. బాగా మెరిసే గ్లాసీ కాగితం కిటికీ ఎదురుగా ఉంటే ఫోటో కనిపించదు, కిటికీయే కనిపిస్తుంది.

లగ్నపత్రిక, శుభలేఖ

అచ్చేసిన శుభలేఖ వెయ్యి మంది దగ్గర ఉంటుంది. పురోహితుడు చేత్తో రాసి, నాలుగు మూలలా పసుపు పెట్టిన లగ్నపత్రిక మీ రెండిళ్లలోనే ఉంటుంది. సంవత్సరం, మాసం, తిథి, నక్షత్రం, లగ్నం, ఇంటిపేర్లు అన్నీ ఆయన దస్తూరీలో ఉంటాయి. నన్నడిగితే గోడ మీద ఉండాల్సిన మొదటి వస్తువు ఇదే.

కానీ అసలు కాగితం పెట్టొద్దు. పెన్ను సిరా, పసుపు, రెండూ వెలుతురికి వెలిసిపోయేవే. 600 డీపీఐలో కలర్ స్కాన్ చేయించి, కాస్త మందమైన, నునుపు లేని కాగితం మీద అదే సైజులో ప్రింటు తీయించండి. పసుపు మరకలు, మడతల గీతలు చెరపమని షాపులో చెప్పొద్దు, అలాగే ఉంచమనండి. ఆ ప్రింటు గోడకి, అసలుది మడవకుండా ఫైల్లో పెట్టి బీరువాకి. దాన్ని లామినేషన్ మాత్రం చేయించకండి. ఒకసారి వేడికి అంటుకున్న ప్లాస్టిక్‌ని కాగితం చిరగకుండా తీయడం కుదరదు.

అడ్డుతెర, మధుపర్కం: బట్టని పటం కట్టించడం

పెళ్లి పట్టుచీరని అద్దంలో పెట్టించుకోవాలని కొందరికి ఆశ. నేను వద్దంటాను. చీర కట్టుకోవడానికి. జరీ బరువుకి, ఏళ్ల తరబడి వెలుతురికి అది గోడ మీద పాడవుతుంది. శ్రావణమాసంలో, పేరంటానికి కట్టుకుంటేనే దానికి అందం. పటం కట్టించాల్సింది మళ్లీ ఎప్పుడూ వాడని బట్టని. అడ్డుతెర, ఎర్రంచు మధుపర్కం అందుకు సరిగ్గా సరిపోతాయి.

మొదట బట్టని చూడండి. తెర మీద స్వస్తిక్ గానీ పేర్లు గానీ కుంకుమతో రాసి ఉంటే ఉతకొద్దు. రంగు పాకి మొత్తం ఎర్రబడుతుంది. నీడలో రెండు రోజులు ఆరేసి, మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి. రాత లేని మధుపర్కమైతే చల్లటి నీళ్లలో ఉతకొచ్చు, కానీ గంజి పెట్టొద్దు. గంజి కోసం సిల్వర్‌ఫిష్ పురుగులు వస్తాయి. పసుపు మరకలు పోలేదని బాధపడకండి, అవి పోకూడదు కూడా.

తర్వాత కొలత. అడ్డుతెర మొత్తం పెట్టాలంటే పెద్ద పటం కావాలి, బరువవుతుంది. రాత ఉన్న భాగం కనిపించేలా మిగతాది వెనక్కి మడవండి. కత్తిరించకండి. రేపు ఇంకెవరికో, మీ పిల్లల పెళ్లికే, ఆ తెర కావాలనిపించొచ్చు. మధుపర్కం అయితే అంచు, కొంగు కనిపించేలా మడిస్తే అందంగా ఉంటుంది.

పటం కట్టే షాపులో మూడు విషయాలు గట్టిగా చెప్పాలి. ఒకటి, వెనక పెట్టే మౌంట్ బోర్డు యాసిడ్ లేనిది కావాలి. మామూలు అట్ట, చవక ఎండీఎఫ్ (చెక్కపొడితో చేసిన పలక) కొన్నేళ్లకి బట్టని పసుపుపచ్చగా, పెళుసుగా చేస్తాయి. రెండు, గమ్ముగానీ, ఫెవికాల్‌గానీ, రెండు వైపులా అంటే టేపుగానీ వాడకూడదు. బోర్డుకి తెల్లటి నూలు గుడ్డ చుట్టి, దాని మీద మీ బట్టని నూలు దారంతో కుట్టాలి. పై అంచున కుట్లు దగ్గరగా, కింద దూరంగా వేస్తే బరువు సమంగా పడుతుంది. ఈ కుట్టు పని ఇంట్లో చేసుకుని షాపుకి తీసుకెళ్లడమే మేలు. ఒక మధ్యాహ్నం పని, అంతే. మూడు, అద్దం బట్టకి తగలకూడదు. మధ్యలో కనీసం పావు అంగుళం ఖాళీ ఉండేలా లోపల పట్టీ పెట్టమనండి.

ఈ మూడో మాట ఫోటోలకీ వర్తిస్తుంది. మా అమ్మ పెళ్లి ఫోటో అద్దానికి ఆనించి కట్టారు. ఒక వానాకాలంలో గోడ చెమ్మకి ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. లాగబోతే అమ్మ చీర అంచు దగ్గర ఫోటో పొర అద్దం మీదే ఉండిపోయింది. మీ ఇంట్లో అలా అతుక్కున్న పాత ఫోటో ఉంటే లాగకండి. అద్దంతో సహా, అద్దం పైనుంచే స్కాన్ చేయించండి. ఉన్నదాన్ని కాపాడుకోవడానికి అదే మేలైన దారి.

తలంబ్రాలు, బాసికాలు

ఇవి ఫోటోల్లా పల్చగా ఉండవు కాబట్టి లోపల అంగుళం, అంగుళంన్నర లోతున్న బాక్సు ఫ్రేమ్ కావాలి.

తలంబ్రాలంటే బియ్యం. బియ్యమంటే ముక్కుపురుగు. ఈ పని వదిలేస్తే ఆరు నెలల్లో అద్దం లోపల పిండి రాలుతుంది. ముందు నెయ్యి తగిలినవి, ముద్దకట్టినవి ఏరేయండి. మిగతావి నీడలో పల్చగా పరిచి రెండు రోజులు ఆరబెట్టండి. గాలి పోని జిప్ కవర్‌లో వేసి డీప్ ఫ్రీజర్లో ఒక వారం ఉంచండి. పురుగు, గుడ్లు చస్తాయి. బయటికి తీశాక కవర్ వెంటనే విప్పొద్దు. చల్లటి గింజల మీద గాలిలో తేమ పడుతుంది. ఒక రోజంతా అలాగే వదిలి, గది వేడికి వచ్చాక తెరవండి. తర్వాత మూత గట్టిగా ఉండే చిన్న గాజు సీసాలో పోసి, ఆ సీసాని బాక్సు ఫ్రేమ్‌లో దారంతో కట్టండి. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ ప్యాకెట్ ఒకటి వెనకవైపు కనపడకుండా పెట్టండి.

భద్రాచలం రాములవారి ముత్యాల తలంబ్రాలు కలిపి ఉంటే, ఆ ఒకటి రెండు ముత్యాలు సీసాలో పైకి కనిపించేలా ఉంచండి. శ్రీరామనవమి కల్యాణం తలంబ్రాలు ఇంట్లో ఉంటే మంచిదని నమ్మే పెద్దవాళ్లు ఈ పటం చూసి ఎంత సంతోషిస్తారో చెప్పలేను.

పసుపు రంగు ఎండకి తొందరగా వెలిసిపోతుంది. నేరుగా ఎండ పడే గోడ మీద ఈ పటం పెడితే కొన్ని నెలల్లో మామూలు బియ్యమే మిగులుతుంది.

బాసికాలు పూసలవైతే అలాగే పెట్టొచ్చు. పూలతో చేసినవైతే పూర్తిగా ఎండనిచ్చాకే లోపల పెట్టండి. పచ్చి ఉంటే బూజు పడుతుంది.

పెద్దవాళ్ల పెళ్లిళ్లు కూడా

మీ ఫోటోల పక్కన రెండు వైపుల అమ్మానాన్నలవీ, దొరికితే అమ్మమ్మ, నానమ్మ, తాతయ్యలవీ పెళ్లి ఫోటోలు పెట్టండి. ఒక నల్లచుక్క, ఒక బాసికం, అదే సిగ్గు, మూడు తరాల్లో ఒకేలా కనిపిస్తాయి. పాత నలుపు తెలుపు ఫోటోలు 600 డీపీఐలో స్కాన్ చేసి ప్రింటే పెట్టండి, అసలువి భద్రం చేయండి. కంప్యూటర్లో రంగులు అద్దించొద్దు. ఆ చీర రంగు ఏమిటో అమ్మమ్మకే తెలుసు.

ఒక మాట మనసులో పెట్టుకోండి. కాలం చేసినవాళ్ల పటాలకి మనం దండ వేసి వేరే గోడకి పెడతాం. అందుకని చనిపోయిన తాతయ్య పెళ్లి ఫోటో ఈ గోడ మీద పెట్టొచ్చా అని కొందరికి సందేహం. నా ఉద్దేశంలో పెట్టాలి, దండ లేకుండా. ఇక్కడ ఆయన పెళ్లికొడుకు. ఇంట్లో పెద్దవాళ్లకి ఇష్టం లేకపోతే మాత్రం పట్టుబట్టకండి.

చిత్రం కొనాలనుకుంటే

గోడకి పెళ్లి బొమ్మ వేయడం మన దేశంలో ఎప్పటినుంచో ఉంది. బిహార్‌లోని మిథిలలో కొత్త దంపతుల గదిని కోహ్‌బర్ అంటారు. ఆ గది గోడ మీద తామరలు, వెదురు, చేపలు, చిలుకలు ఇంటి ఆడవాళ్లే గీస్తారు. మధుబని చిత్రాలు కాగితం మీదకి రాకముందు ఉన్నది ఆ గోడల మీదే. మహారాష్ట్రలో వార్లీ గిరిజనుల ఇళ్లలో పెళ్లికి ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో చౌకం, అంటే చదరపు బొమ్మ, గీస్తారు. గీసేది ముత్తైదువలు. మధ్యలో పాలఘట్ దేవత ఉంటుంది. మన లేపాక్షి వీరభద్రస్వామి గుడి పైకప్పు మీద పార్వతీపరమేశ్వరుల కల్యాణం చిత్రించి ఉంది. తల ఎత్తి చూసేవాళ్లకి అది విజయనగరం కాలపు పెళ్లి ఆల్బమే.

మన ప్రాంతంలో కొనదగ్గవి మూడు చెబుతాను. శ్రీకాళహస్తి కలంకారీలో సీతారామ కల్యాణం, గిరిజా కల్యాణం, శ్రీనివాస కల్యాణం దొరుకుతాయి. వెదురు కలంతో చేత్తో గీసినది కాబట్టి గీత మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. నలుపు తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టి చేసిన కసిం. కరక్కాయ, పాలలో నానిన బట్ట కనుక కొత్తప్పుడు కొంచెం వాసన వస్తుంది, అది దోషం కాదు. మచిలీపట్నం, పెడన వైపు కలంకారీ చెక్క అచ్చులతో అద్దేది. ఒకే పూవు మళ్లీ మళ్లీ వస్తుంది, ధర కూడా తక్కువ. దుప్పటి పనికి అది బాగుంటుంది, కథ చెప్పే పటానికి శ్రీకాళహస్తిదే. యంత్రం మీద అచ్చేసిన బట్టని కూడా కలంకారీ అని అమ్ముతారు. వెనక్కి తిప్పి చూడండి. చేత్తో వేసినదానికి రంగు బట్టలోకి దిగి వెనక కూడా కనిపిస్తుంది.

సిద్దిపేట జిల్లా చేర్యాల నకాశీ చిత్రాలు ఎర్రటి నేల మీద ముదురు రంగుల్లో ఉంటాయి. చింతగింజల జిగురు, సుద్ద పూసిన బట్ట మీద వేస్తారు కనుక మడిస్తే పగుళ్లిస్తుంది. చుట్టే తెచ్చుకోవాలి, లేదా పటం కట్టినదే కొనాలి. హాల్లో తెల్ల గోడకి ఒక్క చేర్యాల పటం ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలు మీద చేసే తోలుబొమ్మలు మూడోది. సీతారాములు ఎదురెదురుగా నిలబడ్డ జత అడగండి. తోలు పల్చగా ఉంటుంది కాబట్టి వెనక దీపం పెడితేనే ప్రాణం వస్తుంది. ఎల్‌ఈడీ పట్టీ వాడండి, వేడెక్కే బల్బు వాడితే తోలు ముడుచుకుంటుంది.

లేపాక్షి, గోల్కొండ అనే ప్రభుత్వ హస్తకళల షోరూముల్లో వీటిని చూడొచ్చు. వీలుంటే ఆ ఊళ్లకే వెళ్లి కళాకారుల దగ్గరే కొనండి. మీ పేర్లు, పెళ్లి తేదీ అంచులో రాయమంటే రాసేవాళ్లుంటారు. వీధి గోడ మీద రాయించిన పేర్లు అలా ఇంట్లోకి వస్తాయి.

దేవుళ్ల కల్యాణం బొమ్మలు పడకగదిలో వద్దని చాలా ఇళ్లలో అంటారు. హాల్లో పెడితే ఎవరికీ ఇబ్బంది లేదు.

మీరే చేసుకునే పెళ్లి ముగ్గు పలక

డబ్బు తక్కువ, తృప్తి ఎక్కువ. ఇద్దరూ కలిసి చేయండి, రెండు సాయంత్రాలు పడుతుంది.

రెండడుగులు × రెండడుగుల ప్లైవుడ్ ముక్క, 9 ఎంఎం మందం, కోయించుకోండి. అంచులు 120 నంబరు గరుకు కాగితంతో రుద్ది, తడిగుడ్డతో తుడవండి. వుడ్ ప్రైమర్ ఒక కోటు వేసి రాత్రంతా ఆరనివ్వండి. తర్వాత ఎర్రమన్ను రంగుకి దగ్గరగా ఉండే ఇటుకరంగు ఎమల్షన్ రెండు కోట్లు. మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. నిజమైన ఎర్రమన్ను, అంటే తెలంగాణలో జాజు అనేది, వాడితే చేతికంటుతుంది. నేల మీదికి బాగుంటుంది కానీ పలకకి వద్దు.

ఆరాక సుద్దముక్కతో, స్కేలు పెట్టి అంగుళంన్నరకో చుక్క పెట్టండి. ముగ్గు అమ్మనో అత్తగారినో అడిగి తీసుకోండి. మీ పెళ్లిలో పీటల దగ్గర వేసిన ముగ్గు ఫోటోలో దొరికితే అదే వేయండి. ముందు కాగితం మీద రెండు మూడుసార్లు గీసి చూసుకోండి. తెల్ల యాక్రిలిక్ రంగులో కొంచెం నీళ్లు కలిపి, 4 నంబరు గుండ్రటి బ్రష్‌తో, చెయ్యి ఆగకుండా గీయాలి. గీత వణికితే దిద్దకండి, దిద్దిన చోటే ఎక్కువ కనిపిస్తుంది. మధ్యలో ఇద్దరి పేర్లు, తేదీ. ఒక రోజు ఆగి సుద్ద చుక్కలు పొడిగుడ్డతో తుడిచేసి, మ్యాట్ వార్నిష్ ఒక కోటు వేయండి. మెరిసే వార్నిష్ వేస్తే ముగ్గు కళ పోతుంది.

గోడని పరీక్షించండి

వాన నీరు దిగే బయటి గోడ, బాత్రూమ్ అవతలి గోడ, ఏసీ నీళ్లు కారే మూల, ఈ మూడూ వద్దు. అనుమానం ఉంటే అడుగు చదరం పాలిథీన్ కవర్‌ని నాలుగు వైపులా టేపుతో గోడకి అంటించి రెండు రోజులు ఉంచండి. గోడ వైపు నీటి ఆవిరి పడితే అక్కడ పటాలు పెట్టకండి. పొయ్యి పొగ, అగరొత్తుల మసి తగిలే చోటు కూడా మంచిది కాదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో మేకులు, కొక్కేలు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి. మామూలువి తుప్పుపట్టి గోడ మీద కారుతాయి.

అమర్చడం

పటాల సైజులో పాత న్యూస్‌పేపర్ ముక్కలు కత్తిరించి, మాస్కింగ్ టేపుతో గోడకి అంటించి ఒకరోజు అలాగే వదలండి. వస్తూ పోతూ చూస్తే ఏది ఎక్కువైందో తెలిసిపోతుంది. మధ్య పటం నడిమి నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండాలి. మన ఇళ్లలో పటాలు కప్పు దగ్గర కట్టడం అలవాటు. దేవుడి పటాలకి అది సరే, ఫోటోలో ముఖం కనబడాలంటే కంటి ఎత్తులోనే ఉండాలి. సోఫా, మంచం పైన అయితే తలవైపు చెక్కకి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు పైన మొదలుపెట్టండి. మొత్తం గుంపు వెడల్పు సోఫా వెడల్పులో మూడింట రెండు వంతులుంటే కుదురుగా ఉంటుంది. పటానికీ పటానికీ మధ్య రెండు మూడంగుళాలు.

మేకు ఎక్కడ కొట్టాలన్నది లెక్క కడితే గోడకి అనవసరపు రంధ్రాలు పడవు. పటం ఎత్తు 18 అంగుళాలు అనుకుందాం. సగం 9. వెనక తీగని వేలితో పైకి లాగితే పై అంచు నుంచి 3 అంగుళాల కింద ఉందనుకుందాం. నడిమి 58 అంగుళాల దగ్గర కావాలంటే 58 + 9 − 3, అంటే 64 అంగుళాల దగ్గర కొక్కెం. పెద్ద పటాలకి రెండు కొక్కేలు వేస్తే వంగిపోవు. సమంగా ఉందో లేదో రసమట్టంతోనో ఫోన్‌లోని లెవెల్ యాప్‌తోనో చూడండి.

బరువు తక్కువ అంచనా వేయకండి. 3 ఎంఎం అద్దం చదరపు అడుగుకి సుమారు 700 గ్రాములు. రెండడుగులు × మూడడుగుల పటానికి అద్దమే నాలుగు కిలోల పైన. మంచం తలవైపు పెట్టే పటానికి అద్దం బదులు యాక్రిలిక్ షీటు వేయించండి. బరువు సగమే, పడినా గాజుపెంకులు ఉండవు.

ఇటుక గోడకి 6 ఎంఎం బిట్‌తో రంధ్రం చేసి, ప్లాస్టిక్ ప్లగ్గు, స్క్రూ పెడితే చాలు. కొత్త అపార్ట్‌మెంట్లలో ఇటుక లేకుండా అచ్చుల్లో పోసిన మైవాన్ కాంక్రీటు గోడలుంటే మామూలు డ్రిల్లు దిగదు, హ్యామర్ డ్రిల్లు కావాలి. తేలిక బ్లాకుల గోడకి మామూలు ప్లగ్గు వదులైపోతుంది, దానికి వేరే ప్లగ్గులుంటాయి, హార్డ్‌వేర్ షాపులో అడగండి. స్విచ్‌బోర్డుకి నిటారుగా పైనా కిందా ఎక్కడా డ్రిల్లు పెట్టకండి. లోపల కరెంటు తీగలు వెళ్లేది సాధారణంగా అటే.

అద్దె ఇల్లయితే అంటించే స్ట్రిప్పులు నునుపైన పెయింటు మీద బాగా పట్టుకుంటాయి. సున్నం, డిస్టెంపర్ గోడల మీద పొరతో సహా ఊడిపోతాయి. అలాంటప్పుడు పొడవాటి చెక్క బల్ల మీదో షెల్ఫు మీదో పటాలు గోడకి ఆనించి పెట్టండి. అదీ అందంగానే ఉంటుంది, ఇల్లు మారినప్పుడు టెన్షన్ ఉండదు. అమెరికాలో ఉన్నవాళ్లకి గోడ అంటే అర అంగుళం డ్రైవాల్ (జిప్సం పలక). బరువైనవి లోపలి చెక్క స్టడ్‌లోకే బిగించాలి. అవి ఎక్కువగా 16 అంగుళాలకొకటి ఉంటాయి. తేలికవి స్ట్రిప్పులకి వదిలేయండి.

పటం వెనక కింది మూలల్లో చిన్న రబ్బరు బొత్తాలు అంటించండి. గోడకీ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. దీపం 2700 నుంచి 3000 కెల్విన్ వెచ్చటి రంగు ఎల్‌ఈడీ తీసుకోండి. పసుపు, ఎర్రంచు, బంగారం, మన పెళ్లి రంగులన్నీ ఆ వెలుతురులోనే బాగుంటాయి.

తుడిచేటప్పుడు నీళ్లు గుడ్డ మీద చల్లండి, అద్దం మీద వద్దు. పక్కనుంచి లోపలికి దిగుతుంది. ఏటా వానలు తగ్గాక ఒకసారి పటాలు దించి వెనక చూడండి.

గోడకెక్కించే ముందు ఇంకో పని ఉంది. ప్రతి పటం వెనక పెన్సిల్‌తో తేదీ, ఊరు, ఎడమనుంచి కుడికి ఎవరెవరు ఉన్నారో పూర్తి పేర్లతో రాయండి, వరసలతో సహా. మా అమ్మమ్మ పెళ్లి ఫోటోలో ఆమె భుజం మీద చెయ్యేసి నవ్వుతున్న ఒకావిడ ఉంది. ఆవిడ ఎవరో చెప్పగలిగిన వాళ్లు ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ లేరు.